టెక్ సందేహాలు: నాలుగు రోజుల నడకకు ఫోన్‌ను సిద్ధం చేసుకోవడం

ప్రశ్న: అమలాపురంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని, వయసు 62. ఆగస్టులో హాంబర్గ్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడికి దగ్గర్లోని ల్యూనెబర్గ్ హీత్‌లో నాలుగు రోజులు నడుద్దామంటోంది. ఎక్కువ ఎత్తుపల్లాలు లేని దారేనట. కానీ అడవిలో నెట్ రాకపోతే దారి ఎలా తెలుస్తుంది? చార్జింగ్ రోజంతా నిలుస్తుందా?

జవాబు: టీచరు గారూ, చాలా మంచి నెల ఎంచుకున్నారు. హీత్ అంటే ఇసుకనేల మీద గుబురుగా, పొట్టిగా పెరిగే హీథర్ పొదల మైదానం. ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా అది ఊదారంగులో పూస్తుంది. అంచుల్లో పైన్, బిర్చ్ అడవులుంటాయి. ఆ ప్రాంతమంతటిలో ఎత్తయిన విల్‌జెడర్ బెర్గ్ గుట్ట ఎత్తు కూడా 169 మీటర్లే కాబట్టి మోకాళ్లకు భయం లేదు. అయితే ఇలాంటి నేలమీదే దారి తప్పడం తేలిక. మన డెల్టాలో కాలువ నీరు ఎటు పారుతోందో చూస్తే సముద్రం ఏ వైపో తెలిసిపోతుంది. అక్కడ గురుతుపట్టడానికి కొండా ఉండదు, కాలువా ఉండదు, ఒక ఇసుకబాట మరో ఇసుకబాటలాగే కనిపిస్తుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. మీరు ఎక్కడున్నారో ఫోన్ తెలుసుకోవడానికి నెట్ అక్కర్లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ వింటుందే తప్ప వాటికి ఏమీ పంపదు. అందుకే ఫ్లైట్ మోడ్‌లో కూడా అది పనిచేస్తుంది. నెట్ కావలసింది మ్యాప్ బొమ్మకు. ఆత్రేయపురం దాటి కాలువ గట్టున నడుస్తుండగా ఒకసారి కొబ్బరితోటల మధ్య సిగ్నల్ పోతే, నా ఫోన్ తెరమీద బూడిదరంగు గళ్లు, వాటి నడుమ మెరుస్తున్న నీలిచుక్క మాత్రమే మిగిలాయి. చుక్క సరైన చోటే ఉంది, దాని కింద ఉండవలసిన ఊరే లేదు.

కాబట్టి మ్యాప్‌ను ఇంటి దగ్గరే వైఫైలో దించుకోండి. ఇక్కడ చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో ప్రాంతాన్ని దించుకున్నా, నెట్ లేనప్పుడు అది కారు దారి చెబుతుందే గాని నడక దారి చెప్పదు. ఔత్సాహికులు కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్‌ఆండ్ వంటి యాప్‌లు నెట్ లేకుండానే నడక దారి చూపుతాయి, కాలిబాటలు కూడా వాటిలో బాగా నమోదై ఉంటాయి. నేనైతే వాడకం సులువని మీకు ఆర్గానిక్ మ్యాప్స్‌నే సూచిస్తాను.

ఇక మార్గం. హాంబర్గ్ శివారు ఫిష్‌బెక్ నుంచి ట్సెల్లె దాకా 223 కిలోమీటర్ల హైడ్‌ష్నూకెన్‌వెగ్ అనే నడకదారి ఉంది. హీత్‌ను మేసి, చెట్లు కమ్మేయకుండా కాపాడే గొర్రెల పేరే ఆ దారికి పెట్టారు. మీకు అంతా అవసరం లేదు. హాండెలో నుంచి ఉండెలో, నీడర్‌హావర్‌బెక్, బిస్పింగెన్ మీదుగా జోల్టావ్ చేరే భాగం నాలుగు రోజులకు చక్కగా సరిపోతుంది. రెండు చివర్లా రైల్వే స్టేషన్లున్నాయి, మధ్యలో కార్లను రానివ్వని విల్‌జెడె పల్లె తగులుతుంది. పూలు పూసే రోజుల్లో గదులకు గిరాకీ ఎక్కువ కాబట్టి వాటిని ముందే బుక్ చేయమని అమ్మాయితో చెప్పండి. ఆ దారి జీపీఎక్స్ ఫైలును (దారి ఎటు పోతుందో నమోదైన ఫైలు) మీ ఇద్దరి ఫోన్లలోనూ దించి యాప్‌తో తెరిస్తే మ్యాప్ మీద గీతగా కనిపిస్తుంది. నీలిచుక్క ఆ గీతను వదలకుండా చూసుకుంటే చాలు.

యాప్ చూపే నడక సమయాన్ని మాత్రం ఉన్నదున్నట్టుగా నమ్మవద్దు. అంతర్వేది వైపు సరుగుడు తోటల్లో మెత్తటి ఇసుకలో నడిచినవారికి తెలుసు, అడుగు వేసిన ప్రతిసారీ మడమ దిగబడి వేగం పడిపోతుంది. యాప్ మూడు గంటలంటే మీరు నాలుగు గంటలుగా లెక్క వేసుకోండి.

చార్జింగ్ విషయానికి వస్తే, దారిపొడవునా తెర వెలిగించి ఉంచడమే బ్యాటరీని తినేస్తుంది. మలుపు వచ్చినప్పుడు మాత్రమే తెరిచి చూస్తే 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్ రోజంతా హాయిగా వస్తుంది. తోడుగా 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి చాలు. మార్పిడిలో పోయే నష్టం వల్ల అది మీ ఫోన్‌ను రెండుసార్లు కాక ఒకసారి పూర్తిగా, మరోసారి సగం వరకు నింపుతుంది. దాని శక్తి 37 వాట్ అవర్లు, విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగల పరిమితి 100. అయితే దాన్ని చేతి సంచీలోనే ఉంచుకోవాలి, చెక్ఇన్ సామానులో పెట్టకూడదు. రెండు గుండ్రటి పిన్నులున్న మన ఫోన్ చార్జర్ అక్కడి సాకెట్‌లో పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. అత్యవసర నంబరు అక్కడా ఇక్కడా 112 కావడం మీకు గుర్తుంచుకోవడానికి సులువు.

నా గట్టి మాట ఏమిటంటే, బయలుదేరే ముందు ఇక్కడే రెండు రోజులు ఇదంతా అభ్యాసం చేయండి. బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల వైపు కాలువ గట్టున, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తెల్లవారుజామున నడవండి. నెట్ లేకుండా మొదటిసారి స్థానం దొరకడానికి కొన్ని నిమిషాలు పడుతుందని అప్పుడు మీకే తెలుస్తుంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను చాలా నెమ్మదిగా, సెకనుకు 50 బిట్ల చొప్పున మాత్రమే పంపుతుంది కాబట్టి ఈ ఆలస్యం సహజం. చెట్ల కింద కాకుండా ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా నిలబడితే త్వరగా దొరుకుతుంది.

ప్రశ్న: మాది రాజోలు. సరుగుడు తోటల్లో నడిచేటప్పుడు మ్యాప్‌లోని బాణం గుర్తు ఒక్కోసారి వెనక్కి చూపిస్తోంది. ఫోన్ పాడైందా?

జవాబు: పాడవలేదు. మీ ఫోన్‌కు అయస్కాంతంతో మూసుకునే ఫ్లిప్ కవరు ఉంటే ముందు దాన్ని తీసేయండి, లోపలి దిక్సూచిని తప్పుదారి పట్టించేది ఎక్కువగా అదే. తరువాత ఫోన్‌ను చేత్తో గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పితే దిక్సూచి సర్దుకుంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇరవై అడుగులు తిన్నగా నడిచి, నీలిచుక్క ఎటు కదిలిందో చూడండి. చుక్క కదలికను లెక్కగట్టేది ఉపగ్రహాల సంకేతాలతో కాబట్టి, బాణానికీ చుక్కకూ పొత్తు కుదరనప్పుడు చుక్కనే నమ్మండి.