బొమ్మ మూస్తే చదువు ఆగిపోతోంది

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు నిండాయి, ఒకటో తరగతి. పుస్తకం తెరిస్తే గడగడా చదివేస్తాడు. మొన్న సరదాకి బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చదవమంటే నోరు పెగల్లేదు. అదే పేజీలోని మాట పలక మీద రాసిస్తే ఎప్పుడూ చూడనట్టు చూశాడు. ఇంగ్లీషులోనూ ఇంతే. బడిలో ఫోనిక్స్ చెప్తున్నామంటున్నారు. నాకు ఏబీసీడీలే తప్ప ఆ పద్ధతి తెలియదు. ఇంట్లో నేనేం చెయ్యాలి మేడమ్?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, బొమ్మ మీద చెయ్యి పెట్టి చూడాలని చాలామందికి తోచదు. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నాలుగో ఏడు దాకా నాకే తోచలేదు. బాబు మిమ్మల్ని మోసం చేస్తున్నాడనుకోకండి. విన్నది మనసులో పెట్టుకుని, బొమ్మను ఆనవాలుగా చేసుకుని అప్పజెప్తున్నాడు. జ్ఞాపకం అంత బాగున్న పిల్లాడికి అక్షరంతో పని ఇంకా పడలేదు, అంతే.

ఫోనిక్స్ పేరు విని బెదరకండి. అక్షరాల పలుకులు కలుపుకుంటూ మాట చదవడం నేర్పే పద్ధతి, అంతే. అక్షరం పేరు వేరు, పలుకు వేరు అని చెప్పడమే దాని మొదటి పాఠం. తెలుగులో ఈ పేచీ లేదు, 'ప' పేరూ పానే, పలుకూ పానే. ఇంగ్లీషులో 'డబుల్ యూ' అనే పేరంతా వెతికినా అది పలికే వ్ దొరకదు. అక్షరాలు 26, పలుకులు సుమారు 44. నేను కొత్తలో 'సీ ఏ టీ క్యాట్' అని క్లాసంతా అరిపించేదాన్ని. ఒకరోజు ముందు బెంచీ పిల్ల లేచి, "సీ, ఏ, టీ కలిపితే సియేటీ కదా టీచర్, క్యాట్ ఎలా అయింది?" అంది. కూర్చోమన్నాను, జవాబు తెలియక.

మన పిల్లలకి ఇంకో చిక్కుంది. తెలుగు హల్లులో 'అ' కలిసే ఉంటుంది. సీ అక్షరానికి 'క' అనీ, టీకి 'ట' అనీ నేర్పితే వాడు 'క–ఆ–ట' అంటాడు. ఎంత తొందరగా అన్నా అది క్యాట్ కాదు. పొల్లు పెట్టి చెప్పండి: క్, ట్, ప్. తేడా తెలియాలంటే వాడి వేలు వాడి గొంతు మీదే పెట్టించండి. 'ప' అంటే వేలికి అదురు తగులుతుంది. 'ప్' అంటే పెదవుల్లోంచి గాలి పోతుంది, గొంతు కదలదు. ఈ ఆట పిల్లలకి మహా ఇష్టం. ఇక క్యాట్ నడుమ పలుకుందే, దానికి మన లిపిలో గుర్తు లేదు కాబట్టి 'యా' రాసి సర్దుకుంటున్నాం. నోట్లో మాత్రం ఉంది. చాలామంది 'వచ్చాడు' అన్నప్పుడు 'చ్చా' దగ్గర వినపడేది దాదాపు అదే. అక్కణ్నుంచి తెచ్చుకోండి.

ఏబీసీడీ వరసలో వెళ్లకండి. ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టండి. ఈ ఆరూ వస్తే సిట్, పిన్, ట్యాప్, టిన్, న్యాప్, స్పిన్ అన్నీ వాడే కూడబలుక్కుంటాడు. పలక తీసే ముందు రెండు రోజులు నోటితోనే ఆడించండి. మీరు 'ప్... ఇ... న్' అని విడివిడిగా అనండి, కలిపి చెప్పడం వాడి వంతు. చెవికి కలపడం రానివాడికి కంటితో కలపడం రాదు.

తెలుగుకీ ఇదే దారి. అ నుంచి ఱ దాకా అయ్యాకే మాటలు అనుకుంటే ఏడాది గడిచిపోతుంది. త, ల, వ, ప, డ, క చాలు: తల, వల, కల, పలక, పడవ, కడవ, తడక. ఆ తర్వాత గుణింతం. 'క కా కి కీ' పాటలా వల్లించిన పిల్లాడిని 'కో' ఏదిరా అంటే మొదటి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వస్తాడు. నేను కళ్లారా చూశాను, 'కౌ' దగ్గరికి వచ్చేసరికి వేళ్లు చాలలేదు పాపం. అందుకని ఒక అక్షరానికి అన్ని గుర్తులు కాకుండా, ఒక గుర్తుని తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టించండి. ఈ వారమంతా దీర్ఘమే: తా, లా, పా, డా, కా. తాత అని వాడంతట వాడు చదువుతాడు. వచ్చే వారం గుడి.

వచ్చిందో లేదో చూడ్డానికి అర్థం లేని మాట రాసివ్వండి: 'లడప', 'వాకడ'. తడుముకుంటూనైనా చదివాడంటే చదువు వచ్చినట్టే. ఇంగ్లండులో 2012 నుంచి ఆరేళ్ల పిల్లలకి పెడుతున్న పరీక్షలో 40 మాటల్లో 20 ఇలాంటివే. బట్టీ పట్టడానికి వీల్లేనిది అదొక్కటే మరి.

రోజుకి పది నిమిషాలు చాలు. వాడు ఆవలించాక ఒక్క నిమిషం కూడా వద్దు. బొమ్మల పుస్తకం మాత్రం దాచెయ్యకండి. రాత్రి మీరు చదివి వినిపించడానికి అదే ఉండాలి, ఆ వేళ పరీక్షలేం పెట్టకండి.

ప్రశ్న: మా మనవరాలు ఇంగ్లీషు చిన్న బి, చిన్న డి తారుమారు చేస్తోంది. ఎన్నిసార్లు రాయించినా అంతే. లోపమేమైనా ఉందా?
– ఒక తాతయ్య

జవాబు: అన్నయ్యగారూ, కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల కన్ను నేర్చుకున్నది ఇదే. ఇప్పుడు హఠాత్తుగా, గీత ఎడమనుంటే ఒకటి, కుడినుంటే ఇంకొకటి అంటే ఎలా ఒప్పుకుంటుంది! ఏడేళ్ల దాకా ఈ తారుమారు మామూలే. వందసార్లు రాయించినా తప్పే గట్టిపడుతుంది. రెండూ ఒకే రోజు ముట్టుకోకండి. 'బ్' అనేటప్పుడు ముందు పెదవులు గీతలా మూసుకుంటాయి, అందుకే బిలో గీత ముందు. 'డ్' అనేటప్పుడు నోరు తెరిచే ఉంటుంది, డిలో గుండ్రం ముందు. అద్దంలో చూపిస్తూ చెప్పండి. రెండో తరగతి దాటినా తగ్గక, చిన్న మాటలు కూడబలుక్కోవడమూ కష్టమవుతుంటే అప్పుడు కంటి డాక్టరుకీ, పిల్లల చదువు ఇబ్బందులు చూసే నిపుణులకీ చూపించండి.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. 'భక్తి'ని 'భకిత' అని చదువుతోంది. వత్తులు ఎన్నిసార్లు చెప్పినా ఇంతే.
– ఒక తండ్రి

జవాబు: పాప కంటికి కనిపించిందే చదివింది నాయనా. గుడి 'క' మీద ఉంది, 'త' కింద ఉంది. పైన కూర్చున్న గుర్తు కింది అక్షరానికి చెందుతుందని ఎవరో చెప్తే తప్ప ఎలా తెలుస్తుంది? విడదీసి రాయండి: భ, క్, తి. మూడూ మూడు చీటీల మీద. క్, తి చీటీలు పక్కపక్కన జరిపి పలికించాక, 'క్తి' రాసిన నాలుగో చీటీ వాటి మీద పెట్టండి. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాల్లా ఉండవు కాబట్టి వాటికి విడిగా ఒక్కో రోజు ఇవ్వండి. మిగతావి చాలావరకు వాటంతటవే పట్టుబడతాయి.