తమ్ముడికి డియర్‌బార్న్‌లో సీటొచ్చింది, అది 'ముస్లింల ఊరు' అంటున్నారు. పంపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడికి అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బార్న్‌లో, యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ క్యాంపస్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. "అక్కడ షరియా నడుస్తుంది, మనవాళ్ళు బతకలేరు" అని బంధువులు వాట్సాప్‌లో వీడియోలు పంపుతున్నారు. అమ్మగారికి టెన్షన్. నేను ఆ ఊళ్ళో కొన్నేళ్ళు అద్దెకున్నాను, ఇప్పుడు కూడా దగ్గర్లోనే ఉంటున్నాను కాబట్టి రాస్తున్నాను.

పంపండి. షరియా మాట పచ్చి అబద్ధం. అక్కడి పోలీసులు, కోర్టులు, పన్నులు అన్నీ మిషిగన్ రాష్ట్ర చట్టం ప్రకారమే నడుస్తాయి. ఊరికి పడమటివైపు మిషిగన్ ఎవెన్యూ మీద బార్లున్నాయి, వారాంతంలో అక్కడ పార్కింగ్ దొరకడమే కష్టం. ఫోర్డ్ కంపెనీ హెడ్డాఫీసు ఉన్నది కూడా ఈ ఊళ్ళోనే.

వీడియోల్లో చూపించే ఆ పెద్ద మసీదు మాత్రం నిజం. ఫోర్డ్ రోడ్డు మీద ఉంటుంది, పేరు ఇస్లామిక్ సెంటర్ ఆఫ్ అమెరికా. 2005లో ఈ భవనం తెరిచారు, ఉత్తర అమెరికాలోని అతి పెద్ద మసీదుల్లో ఒకటి. వీడియో తీసేవాళ్ళు కెమెరా కాస్త పక్కకి తిప్పితే ఆర్మేనియన్ చర్చి కనపడుతుంది. అది చూపిస్తే షేర్లు రావు కదా!

ఇంతమంది ఇక్కడికెలా చేరారంటే కార్ల పనికోసం. ఫోర్డ్ ఫ్యాక్టరీ ముందు హైలాండ్ పార్క్‌లో ఉండేది. అక్కడ పనిచేసే ముస్లింల కోసం 1921లోనే ఒక మసీదు కట్టారు, అది ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత డియర్‌బార్న్‌లో రూజ్ ఫ్యాక్టరీ వచ్చింది, లెబనాన్ నుంచి, యెమెన్ నుంచి వచ్చిన కార్మికులు దాని చుట్టూ ఇళ్ళు తీసుకున్నారు. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక దక్షిణ లెబనాన్ షియాలు, 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాకీలు వచ్చారు. ఊరేమీ చేతులు చాచి పిలవలేదు. 1942 నుంచి 1978 దాకా మేయరుగా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్ నల్లవాళ్ళను ఊళ్ళో అడుగు పెట్టనివ్వనని బాహాటంగా చెప్పిన మనిషి. 1985 మేయరు ఎన్నికల్లో ఒక అభ్యర్థి 'అరబ్ సమస్య' గురించి మాట్లాడుకుందాం అని కరపత్రాలు పంచి గెలిచాడు. అదే ఊరు 2021లో అబ్దుల్లా హమ్మూద్‌ను మేయరుగా ఎన్నుకుంది. ఇప్పుడు జనాభాలో సగానికి పైగా మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవాళ్ళే.

మీ బంధువులు అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. తప్పంతా అక్కడే ఉంది. నా ఇంటి ఓనరు లెబనీస్ షియా, పై వాటా మాకిచ్చారు. రంజాన్‌లో సూర్యాస్తమయం అయిన కాసేపటికి వాళ్ళ కోడలు మెట్లెక్కి వచ్చి పప్పు సూపు గిన్నె, మీద మూతగా పెట్టిన పళ్ళెంలో నాలుగు ఖర్జూరాలు ఇచ్చి వెళ్ళేది. మా ఆవిడ ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఓసారి పులిహోర పెట్టి పంపింది. మర్నాడు పెద్దాయన "ఆ పసుపు అన్నం ఇంకా ఉందా?" అని అడిగాడు. మొహర్రంలో ఆయన నల్లచొక్కా వేసుకుని తిరుగుతుంటే, మా ఊళ్ళో పీర్ల పండుగకి హిందువులు కూడా పీర్లు ఎత్తుతారని చెప్పాను. నమ్మలేదు. ఫోన్లో వీడియో చూపించాల్సి వచ్చింది. చూశాక ఆయనకి నచ్చిందో లేదో నాకిప్పటికీ తెలీదు, "ఇక్కడి మౌలానాకి చూపించకు" అని మాత్రం నవ్వాడు.

కొన్ని వీధులు దాటి డిక్స్ రోడ్డు వైపు వెళ్తే యెమెన్ సున్నీలు. వాళ్ళ మసీదు వేరు, వంట వేరు. అరబ్బీ మాట్లాడేవాళ్ళంతా ముస్లింలనీ అనుకోకండి. ఇరాక్ నుంచి వచ్చిన కల్దియన్లు క్యాథలిక్కులు, డెట్రాయిట్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకాయన్ని మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు 'రంజాన్ ముబారక్' అన్నందుకు ఆయన మెడలో శిలువ బయటికి తీసి చూపించాడు.

ఇక నల్లజాతి ముస్లింలు. వీళ్ళ సంగతి మనవాళ్ళకి అసలు తెలీదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళలోనే ముస్లింలు ఉన్నారు. నార్త్ కరొలైనాలో బానిసగా బతికిన ఉమర్ ఇబ్న్ సయీద్ 1831లో అరబ్బీలో రాసుకున్న ఆత్మకథ ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. నేషన్ ఆఫ్ ఇస్లాం అనే నల్లజాతి ముస్లింల ఉద్యమం పుట్టింది డెట్రాయిట్‌లోనే, 1930లో. 1975లో దాని నాయకుడు ఎలైజా ముహమ్మద్ పోయాక ఆయన కొడుకు వారితుద్దీన్ ముహమ్మద్ ఎక్కువమందిని సున్నీ మార్గంలోకి తీసుకెళ్ళాడు. ప్యూ అనే పరిశోధన సంస్థ 2017లో చేసిన సర్వే ప్రకారం అమెరికా ముస్లింలలో అయిదోవంతు నల్లవాళ్ళే. నాతో పనిచేసినావిడ ఒకరు హిజాబ్ కట్టుకుంటారు, వాళ్ళమ్మ బాప్టిస్టు చర్చిలో పాడుతుంది. థ్యాంక్స్‌గివింగ్‌కి ఇంట్లో రెండు టర్కీలు వండుతారట, ఒకటి హలాల్. "మా ఇంట్లో గొడవంటూ వస్తే ఫుట్‌బాల్ గురించే" అనేవారు.

మన హైదరాబాదీ ముస్లింలు డియర్‌బార్న్‌లో తక్కువ, పడమటనున్న కాంటన్ అనే ఊరి వైపు ఎక్కువ. పండుగ దగ్గర పడితే వీళ్ళతో ఒకటే తమాషా. కొన్ని మసీదులు ఖగోళ లెక్కల ప్రకారం ఈద్ తేదీ ముందే చెప్పేస్తాయి, కొన్ని నెలవంక కంటికి కనపడాల్సిందే అంటాయి. మా టీములో ఇద్దరు ముస్లింలు వేర్వేరు రోజులకి సెలవు అడిగితే మేనేజరు తల పట్టుకున్నాడు. డియర్‌బార్న్ బడులకి మాత్రం ఈద్‌కి అధికారికంగానే సెలవు.

గొడవలే లేవని చెప్పను. డెట్రాయిట్ మధ్యలో హామ్‌ట్రామ్‌క్ అని చిన్న ఊరుంది, ఒకప్పుడు పోలిష్ క్యాథలిక్కులది, ఇప్పుడు బంగ్లాదేశీలు, యెమెనీలు ఎక్కువ. 2004లో అక్కడ మసీదు మైకులో ఆజాన్ ఇవ్వొచ్చా అన్నది ఓటింగ్ దాకా వెళ్ళింది, ఇవ్వొచ్చనే తేలింది. 2023లో అందరూ ముస్లింలే ఉన్న కౌన్సిల్ ప్రభుత్వ స్థలాల్లో ప్రైడ్ జెండా (స్వలింగ సంపర్కుల హక్కుల జెండా) ఎగరెయ్యకూడదని తీర్మానించింది. ఆనాడు ఆజాన్‌కి అండగా నిలిచినవాళ్ళు కొందరు ఇది నమ్మకద్రోహమన్నారు. నాకూ ఆ తీర్మానం నచ్చలేదు. అయితే 2022లో డియర్‌బార్న్ బడి లైబ్రరీల్లో స్వలింగ సంపర్కుల గురించిన పుస్తకాల మీద గొడవ జరిగినప్పుడు ముస్లిం తల్లిదండ్రుల పక్కన సంప్రదాయ క్రైస్తవులు కూడా నిలబడ్డారు. ఇక్కడ జట్లు మతాన్ని బట్టే కట్టరు.

ముస్లింల మీద ద్వేషం మనకి సంబంధం లేని విషయమని కూడా అనుకోవద్దని మీ బంధువులకి చెప్పండి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు, తను ఇరానీలను కాల్చానని తర్వాత చెప్పుకున్నాడు. వాడు ఎవరి దేవుడు ఎవరో అడిగి కాల్చలేదు.

ఇక తమ్ముడికి పనికొచ్చేవి. శాకాహారి అయితే డియర్‌బార్న్‌లో పస్తుండే పనే లేదు: ఫలాఫెల్ (శనగ వడలు), హమ్ముస్ (శనగ ముద్ద), ఫత్తూష్ సలాడ్ ప్రతి హోటల్లో దొరుకుతాయి. ముజద్దరా అని ఒకటుంది, వేయించిన ఉల్లిపాయలు వేసిన మన కిచిడీలా ఉంటుంది, చవక కూడా. రంజాన్‌లో చాలా హోటళ్ళు అర్ధరాత్రి దాటాక కూడా తెరిచే ఉంటాయి, పరీక్షలప్పుడు పనికొస్తుంది. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, కారులో అరగంట, బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు.

రూమ్మేట్లలో ముస్లిం కుర్రాడుంటే చేరకముందే ఫ్రిజ్ సంగతి మాట్లాడుకోమనండి: వాళ్ళకి పంది మాంసం, బీరు పనికిరావు, మనవాళ్ళకి బీఫ్ పనికిరాదు. గిన్నెలు విడిగా పెట్టుకుంటారా, కలిపి వాడతారా అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. నేను చూసిన రూమ్ గొడవల్లో చాలావరకు అద్దె దగ్గరో, గిన్నెలు తోమే వంతు దగ్గరో మొదలైనవే.