పల్లంలో బ్రేకు: తొక్కిపట్టాలా, తొక్కి వదలాలా?

ప్రశ్న: నేను పది చక్రాల లారీ నడుపుతాను. ఇటీవల అరకు నుంచి లోడుతో అనంతగిరి ఘాట్ దిగుతుండగా మాడు వాసన వచ్చి, పెడల్ ఎంత తొక్కినా బండి సరిగా ఆగలేదు. పల్లంలో పెడల్‌ను తేలికగా తొక్కిపట్టి ఉంచాలని మా గురువుగారు, గట్టిగా తొక్కి వదలాలని తోటి డ్రైవర్లు అంటున్నారు. ఏది సరైనది? న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ తోటి డ్రైవర్ల మాటే సరైనది, కానీ అంతకన్నా ముందు చూసుకోవలసింది గేరు. 25 టన్నుల బండి నిలువునా 100 మీటర్లు దిగితే పుట్టే వేడి, సుమారు 80 లీటర్ల చన్నీటిని మరిగించగలదు. అదంతా చక్రాలతో తిరిగే బ్రేకు డ్రమ్ములే భరించవలసి వస్తే అవి వ్యాకోచించి, లోపలి నుంచి వాటిని ఒరుసుకుని ఆపే లైనర్లకు దూరమవుతాయి, లైనర్ల పట్టు కూడా సడలుతుంది. మీకు ఎదురైనది ఇదే. కాబట్టి పల్లం మొదలవకముందే, అదే ఘాట్‌ను లోడుతో ఎక్కడానికి వాడే గేరుకో, అంతకన్నా తక్కువ గేరుకో మార్చి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగ దారిని అడ్డుకుని వేగాన్ని అణిచేది) వేసుకుంటే బండిని చాలావరకు ఇంజనే పట్టి ఉంచుతుంది. వేగం అందుకున్నాక గేరు తగ్గించబోతే అది పడక, బండి న్యూట్రల్‌లో చిక్కుకునే ప్రమాదం ఉంది.

ఆ గేరులో గంటకు 30 కిలోమీటర్ల వేగం సురక్షితమనుకుంటే, ముల్లు 30కి చేరగానే గట్టిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లలో 22కు తగ్గించి, పెడల్‌ను పూర్తిగా వదలండి. మళ్లీ 30కి వచ్చేదాకా తాకవద్దు. నిజానికి మొత్తం వేడి రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకటే. తేలికగా తొక్కినప్పుడు మాత్రం అన్ని చక్రాల బ్రేకులూ సమానంగా పట్టవు. పట్టినవే భారమంతా మోసి మాడిపోతాయి. గట్టిగా తొక్కితే ఆ భారాన్ని అన్నీ పంచుకుంటాయి. అలాగని టపటపా తొక్కుతూ పోతే బ్రేకులను పనిచేయించే గాలి ట్యాంకులో ఖర్చయిపోతుంది.

న్యూట్రల్ లెక్క పాత తప్పే. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే నేటి ఇంజన్లు డీజిల్ ఇంజెక్షన్‌నే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఐడ్లింగ్‌కు డీజిల్ కాలుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ పట్టు పోతుంది.

వాసన వస్తే వెడల్పు చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి చల్లారనివ్వండి. నీళ్లు కొడితే డ్రమ్ము పగలవచ్చు. మరోసారి లోడు ఎత్తేలోపు స్లాక్ అడ్జస్టర్లను (లైనర్లకు, డ్రమ్ముకు మధ్య ఎడాన్ని సరిచేసే భాగాలు), లైనర్ల మందాన్ని మెకానిక్‌కు చూపించండి.