టేబుల్ మీద పడుకున్నాక పెట్టిన సంతకం చెల్లుతుందా?

ప్రశ్న: మాది బోరబండ. నా వయసు 31, ఇద్దరు పిల్లలు. మా ఆయన ఆటో నడుపుతారు. తెలిసినావిడ మాట మీద ఒక జంట కోసం సరోగసీకి, అంటే వాళ్ళ బిడ్డని నా కడుపులో మోయడానికి ఒప్పుకున్నాను. 5 లక్షలు ఇస్తామన్నారు, ముందుగా 50 వేలు మా ఆయన ఫోన్‌పేకి వేశారు. ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో పెట్టే) రోజు పొద్దున్నే తీసుకెళ్ళి లీటరు నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు, అదో హింస. భయమేసి వద్దన్నాను. ‘ఇంతదాకా వచ్చాక కుదరదు, ఖర్చంతా నువ్వే కట్టాలి’ అన్నారు. అక్కడి నుంచే మా అక్కకి వాట్సాప్‌లో అదే మాట వాయిస్ పెట్టాను, ఇప్పుడు నా పాత ఫోను లేదు, అక్క ఫోన్లో ఉందేమో. టేబుల్ మీద పడుకున్నాక ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. స్క్రీన్ మీద రెండు తెల్లచుక్కలు కనిపించాయి, ఒకటే పెడతామన్నారు మరి. ఆ జంటలోని మేడమ్ నా చెయ్యి పట్టుకుని ‘చెల్లీ’ అని ఏడ్చింది. తొమ్మిదో వారంలో గర్భం పోయింది, రక్తస్రావంతో నర్సింగ్‌హోమ్‌లో చేరితే 38 వేలు మేమే కట్టుకున్నాం. ఆమె నా నంబర్ బ్లాక్ చేసింది. ట్రాన్స్‌ఫర్ జరిగి 20 నెలలైంది. ఇప్పుడు మధ్యలో ఉన్నావిడ 60 వేలు ఇస్తాను, పాత తేదీతో బాండ్ పేపర్ మీద సంతకం పెట్టమంటోంది. మా తమ్ముడేమో టీవీకెక్కుతామని బెదిరిద్దాం అంటున్నాడు. లాయరు ఫీజుకి డబ్బుల్లేవు. మిగతా నాలుగున్నర లక్షలు రాబట్టగలనా?

జవాబు: అమ్మా, మీరు ఆ మేడమ్ గురించే ఎక్కువ బాధపడుతున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చిందా, తర్వాత బ్లాక్ చేసిందా అన్నది కోర్టుకి అక్కర్లేదు. నేను ఆగింది ఒక్క మాట దగ్గర. ‘భయమేసి వద్దన్నాను.’ మీ కేసంతా ఆ మాటలోనే ఉంది.

సరోగసీ నియంత్రణ చట్టం, 2021 అనేది 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని 6వ సెక్షన్ ప్రకారం, జరగబోయేదీ దానివల్ల వచ్చే ఇబ్బందులూ అన్నీ మీకు చెప్పి, మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. అంతకంటే ముఖ్యం, పిండాన్ని గర్భాశయంలో పెట్టేలోపు ఎప్పుడైనా సరే మీరు ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. వెయిటింగ్ హాల్లోనే కాదు, టేబుల్ మీద పడుకున్నాక కూడా. ‘ఇంతదాకా వచ్చాక కుదరదు’ అని చెప్పే హక్కు అక్కడ ఎవరికీ లేదు. ఒక పనికి ఇచ్చిన సమ్మతిని ఇంకోదానికి వాడుకోకూడదని, రోగికి తెలియజెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతే కాదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది.

నీళ్ళు తాగించడాన్ని మీరు హింసగా రాశారు, అది తప్పేం కాదు. మూత్రాశయం నిండి ఉంటే స్కానింగ్‌లో గర్భాశయం బాగా కనిపిస్తుంది, అందుకే తాగిస్తారు. రెండు చుక్కల సంగతీ వదిలేయండి. పిండం స్కాన్‌లో కంటికి ఆనదు, కనిపించేది సన్నటి గొట్టంలో దాంతోపాటు వచ్చే గాలిబుడగ. ఒక పిండానికి అటూ ఇటూ రెండు బుడగలు ఉండొచ్చు. పైగా 2022 రూల్స్ మామూలుగా ఒకటే పెట్టమన్నా, ప్రత్యేక పరిస్థితుల్లో మూడు దాకా ఒప్పుకుంటాయి. ఎన్ని పెట్టారో ల్యాబ్ రికార్డు చెబుతుంది. ఆ చుక్కలు పట్టుకుని వెళ్తే అవతలి లాయరు ఐదు నిమిషాల్లో మిమ్మల్ని అబద్ధాలకోరుని చేస్తాడు, ఆ తర్వాత మీ అసలు మాట కూడా ఎవరూ నమ్మరు.

మరి అసలు మాటకి సాక్ష్యం ఏది? సీసీ కెమెరా రికార్డింగ్ ఇన్నాళ్ళు ఉంటుందని ఆశ పెట్టుకోకండి. మిగిలింది మీ అక్కకి పెట్టిన వాయిస్. అది వెళ్ళిన టైము, కన్సెంట్ ఫారం మీద ఉన్న టైము, ట్రాన్స్‌ఫర్ జరిగినట్టు క్లినిక్ రాసుకున్న టైము, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. వాయిస్ ముందు, సంతకం తర్వాత అని తేలితే ఆ సంతకం మీద పెద్ద ప్రశ్న లేస్తుంది. ఇంత విలువైనదాన్ని 20 నెలలుగా ‘అక్క ఫోన్లో ఉందేమో’ అని వదిలేశారంటే నాకు కోపమొస్తోంది! ఆవిడ కూడా ఫోను మార్చేసుంటే ఏం చేస్తారు? ఈ రోజే అడగండి. దొరికితే ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి అదే సాక్ష్యం అనుకోవద్దు, ఆ ఫోను, ఆ చాట్ అలాగే ఉండాలి. కోర్టులో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు.

ఇక నాలుగున్నర లక్షలు. రావు. ఈ చట్టంలో వైద్య ఖర్చులు, ఇన్సూరెన్స్, రూల్స్‌లో చెప్పిన ఖర్చులు తప్ప సరోగేట్ తల్లికి ఏ డబ్బూ ఇవ్వకూడదు. చట్టం నిషేధించిన ఒప్పందాన్ని ఏ కోర్టూ అమలుచేయదు. పైగా డబ్బుకి సరోగసీ చేయించడం 10 ఏళ్ళ దాకా జైలు పడే నేరం. 42వ సెక్షన్ ప్రకారం, మిమ్మల్ని భర్తో, ఆ జంటో, బంధువులో బలవంతపెట్టారని కోర్టు ముందుగానే భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్ళు. ఆ 50 వేలు పడింది మీ ఆయన ఫోన్‌పేలో. ‘బాకీ ఇవ్వండి’ అని నోటీసు పంపారంటే ఆ నోటీసే ఆయన మీద సాక్ష్యం అవుతుంది. అలాగని ఆ ఎంట్రీలు చెరిపేయడం, అడిగితే అబద్ధం చెప్పడం చేయకండి, అది ఇంకో నేరం. ఆయన ఎక్కడైనా వాంగ్మూలం ఇచ్చేముందు ఒక క్రిమినల్ లాయరుని కలవాలి.

బాండ్ పేపర్ మీద సంతకం పెట్టొద్దు. 60 వేలు కాదు, 6 లక్షలు ఇచ్చినా పెట్టొద్దు. పాత తేదీ ఎందుకు అడుగుతున్నారో ఆలోచించారా? ట్రాన్స్‌ఫర్‌కి ముందే అన్నీ తెలుగులో వివరించారు, ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నాను అని మీ చేతే రాయించుకోవడానికి. అంటే ఇప్పుడు వాళ్ళ దగ్గర అలాంటి కాగితం లేదనే నా అనుమానం. మీరు సంతకం పెడితే ఆ లోటు తీరిపోతుంది, మీ వాయిస్ మెసేజ్‌కి విలువ పోతుంది. మీ తమ్ముడికి కూడా గట్టిగా చెప్పండి. డబ్బివ్వకపోతే టీవీకెక్కుతాం అని ఒక్క మెసేజ్ వెళ్తే భారతీయ న్యాయ సంహిత 308 కింద బలవంతపు వసూలు కేసు మీ ఇంటిమీదికే వస్తుంది.

రావాల్సింది వేరే ఉంది. మీ పేరున 36 నెలల ఆరోగ్య బీమా తీయాల్సిన బాధ్యత ఆ జంటది. ఇన్సూరెన్స్ తీసి ఉంటే ఇంకా నెలలు మిగిలే ఉన్నాయి, 38 వేలు అందులోంచి అడగొచ్చు. తీయకపోతే, మీ గర్భంలో పిండం పెట్టడమే చట్టం తప్పి పెట్టినట్టు. పుట్టబోయే బిడ్డ తల్లిదండ్రులెవరో తేల్చే మేజిస్ట్రేట్ ఆర్డరు, క్లినిక్‌కి సరోగసీ రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో కూడా చూడాలి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసులో, సరోగసీ బిడ్డ అని ఇచ్చిన పసివాడు ఆ దంపతుల బిడ్డే కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. కాబట్టి మీ పేరు మీద అసలు ఏ కాగితాలు నడిచాయో చూడకుండా ఏదీ నమ్మకండి.

ముందు క్లినిక్‌కి ఒక ఉత్తరం రాయండి. నా కన్సెంట్ ఫారం, ట్రాన్స్‌ఫర్ నోట్స్, ల్యాబ్ రికార్డు, ఇన్సూరెన్స్ కాపీ ఇవ్వండి అని, అంతే, ఒక్క ఆరోపణ కూడా వద్దు. స్పీడ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. రికార్డులు లేవంటే నమ్మకండి, సరోగసీ క్లినిక్ వాటిని 25 ఏళ్ళు ఉంచాలి.

ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్ళు. ట్రాన్స్‌ఫర్ తేదీ నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది నాలుగు నెలలే. గర్భం పోయిన తేదీ నుంచి లెక్క అని వాదించొచ్చు గానీ ఆ వాదన మీద ఆధారపడొద్దు, ట్రాన్స్‌ఫర్ తేదీ నుంచి రెండేళ్ళలోపే వేసేయండి. డబ్బు కట్టింది మీరు కాదు కదా, వినియోగదారు ఎలా అవుతారు అని క్లినిక్ తప్పకుండా అంటుంది. ఎవరో డబ్బు కట్టినా ఆ సేవ పొందిన మనిషి కూడా చట్టంలో వినియోగదారే. నేరం సంగతికొస్తే, సరోగసీ చట్టం కింద సరోగసీ అధికారికి 15 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. కానీ మీ ఆయన ఫోన్‌పే సంగతి లాయరుతో తేల్చుకున్నాకే ఆ అడుగు.

లాయరు ఫీజుకి డబ్బుల్లేవని రాశారు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళకి ఉచితంగా లాయరుని ఇస్తారు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. అక్కని, ఆవిడ ఫోన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. నర్సింగ్‌హోమ్ బిల్లులు ఆ నున్నటి కాగితం మీద ఉంటే అక్షరాలు ఇప్పటికే సగం వెలిసిపోయి ఉంటాయి, వెళ్ళేముందే జెరాక్స్ తీయించండి.