రెస్టారెంట్లో 6 డీటీహెచ్ బాక్సులను ఒకే ట్యాబ్‌తో నడపొచ్చా?

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. హన్మకొండలో ఫ్యామిలీ రెస్టారెంట్, పక్కనే బార్. మొత్తం 6 టీవీలు, ఒక్కోదానికి ఒక్కో డీటీహెచ్ బాక్స్. అవసరానికి ఒక్క రిమోటూ దొరకదు. అమెరికాలో స్పోర్ట్స్ బార్లలో కౌంటర్ దగ్గర ట్యాబ్ మీద నొక్కితే ఏ టీవీలో ఛానలైనా మారిపోవడం వీడియోలో చూశారు. బాక్సులన్నిటికీ లాన్ వైరు (రౌటర్ నుంచి వచ్చే నెట్‌వర్క్ వైరు) లాగిస్తే మన దగ్గరా అట్లనే అవుతుందా అని అడిగారు.

వైరు లాగినంత మాత్రాన కాదు. నేను హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు హోటళ్లకు, లాడ్జీలకు టీవీ, కెమెరా పనులు చేస్తుంటాను. అందరూ మొదట అడిగేది వైరు గురించే. బాక్స్ వెనక లాన్ పోర్ట్ ఉండటం వేరు, ఆ పోర్ట్ మీద వచ్చిన ఆర్డర్‌ను బాక్స్ వినడం వేరు. అమెరికా బార్లలో బాగా కనిపించేవి డైరెక్‌టీవీ అనే అక్కడి కంపెనీ రిసీవర్లు, అంటే బాక్సులు. వాటి సెట్టింగ్స్‌లో బయటి పరికరాలకు అనుమతి ఇచ్చే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే రిసీవర్ 8080 పోర్ట్ మీద (ఇది వైరు పెట్టే రంధ్రం కాదు, నెట్‌వర్క్‌లో ఆర్డర్ వచ్చే తలుపు నంబర్ లాంటిది) మామూలు వెబ్ రిక్వెస్ట్ తీసుకుంటుంది. ఛానల్ నంబర్ పంపితే మారుస్తుంది, ఇప్పుడేం నడుస్తోందని అడిగితే ప్రోగ్రాం పేరుతో సహా చెప్తుంది. యాప్ చేసేదల్లా ఒక్కో రిసీవర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) గుర్తుపెట్టుకుని ఆ రిక్వెస్ట్ పంపడమే. మన దగ్గరి మామూలు హెచ్‌డీ బాక్సులు మాత్రం రిమోట్ మాటే వింటాయి. చాలావాటికి లాన్ పోర్టే ఉండదు.

అందుకే యాప్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఒకే సమయంలో మీకు ఎన్ని వేరు వేరు ఛానళ్లు కావాలి? ఐపీఎల్ నడిచేటప్పుడు బార్ వైపు టీవీలన్నీ ఒకటే మ్యాచ్ చూపిస్తాయి. ఫ్యామిలీ సెక్షన్లో పాటలో, పిల్లలు సతాయిస్తే కార్టూనో. కౌంటర్ దగ్గరి టీవీలో న్యూస్. అంటే మూడు బాక్సులు చాలు. నేను చూసిన హోటళ్లలో నూటికి తొంభై చోట్ల బాక్సులు అవసరానికి మించే ఉన్నాయి. నెలనెలా రీచార్జ్ దండగ, పైగా రిమోట్ల లొల్లి. బాక్సులు మూడైతే మీరు అడిగిన సమస్య సగం అక్కడికక్కడే తీరుతుంది.

ఒక బాక్స్ బొమ్మ మూడు టీవీలకు పోవాలంటే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ వాడతారు. ఏ టీవీకి ఏ బాక్స్ అన్నది కూడా మారుస్తూ ఉండాలంటే మ్యాట్రిక్స్ కావాలి. మూడు ఇన్‌పుట్లు, ఆరు అవుట్‌పుట్లు చాలు కానీ మార్కెట్లో దొరికేది ఎక్కువగా 4కు 4, 8కి 8. లాన్ పోర్ట్ ఉన్న మ్యాట్రిక్సే తీసుకోండి, ట్యాబ్ నుంచి దాన్ని నేరుగా నడపొచ్చు. మామూలు హెచ్‌డీఎంఐ వైరు పది మీటర్లు దాటితే బొమ్మ మిణుకుమంటుంది, ఒక్కోసారి అసలే రాదు. దూరం టీవీలకు క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు మీద బొమ్మను దూరం పంపే ఎక్స్‌టెండర్లు పెట్టించండి. టీవీల్లో ఒకటి పాత హెచ్‌డీ రెడీ (తక్కువ రిజల్యూషన్) మోడల్ అయితే స్ప్లిటర్ మీద ఉన్న మిగతా టీవీలకూ ఆ రిజల్యూషనే పోయే అవకాశం ఉంది. అలాంటిదాన్ని విడిగా పెట్టండి.

బాక్సులన్నీ ఒకే ర్యాక్‌లో పెడితే డిష్ వైరు కూడా అక్కడికే రావాలి. ఇక్కడ కొందరు ఒక్క వైరుకు చిన్న స్ప్లిటర్ తగిలించి రెండు బాక్సులకు ఇచ్చేస్తారు. అప్పుడు కొన్ని ఛానళ్లు వస్తాయి, కొన్ని రావు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కారణం చిన్నదే. బాక్స్ 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే సిగ్నల్ పట్టే ముక్క) ఒక పోలరైజేషన్, అంటే ఒక గుంపు ఛానళ్ల సిగ్నల్ ఇస్తుంది, 18 పంపితే ఇంకోటి. ఒకే వైరు మీద ఒక బాక్స్ 13, ఇంకోటి 18 అడిగితే ఒకదాని మాటే చెల్లుతుంది. ఒక్కో బాక్స్‌కు ఎల్‌ఎన్‌బీ నుంచి విడి వైరు రావాలి. దానికి నాలుగు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీలు ఉన్నాయి. డిష్‌ను గట్టి స్టాండ్ మీద బిగించమని చెప్పండి. మన వరంగల్ కోతుల సంగతి మీకు తెలిసిందే, డిష్ పట్టుకుని ఒక్కసారి ఊగితే సిగ్నల్ పోయినట్టే.

ఇక అసలు కంట్రోల్. మీ బాక్సుల్లో ఎయిర్‌టెల్ ఎక్స్‌స్ట్రీమ్, టాటా ప్లే బింజ్ ప్లస్ లాంటి ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ ఉంటే పని తేలిక. ఫోన్లో గూగుల్ టీవీ యాప్ పెట్టి, స్క్రీన్ మీద వచ్చే కోడ్ కొడితే అదే రిమోట్ అవుతుంది. కానీ డీటీహెచ్ రిమోట్ మీద ఉన్నన్ని బటన్లు అందులో ఉండవు, ఒక్కో బాక్స్‌కు మార్చుకుంటూ పోవాలి. రద్దీ టైములో వెయిటర్‌కు అది కుదరదు.

మామూలు బాక్సులకు, నెట్‌వర్క్‌లో వచ్చిన ఆర్డర్‌ను రిమోట్ వెలుతురుగా (రిమోట్ కొట్టే, కంటికి కనపడని వెలుతురు) మార్చే డబ్బా కావాలి. ఇంట్లో అయితే బ్రాడ్‌లింక్ ఆర్‌ఎం4 మినీ అనే చిన్న డబ్బా చాలు. కానీ అది గది నిండా వెలుతురు కొడుతుంది. మీ ర్యాక్‌లో మూడూ ఒకటే కంపెనీ బాక్సులైతే మూడూ ఒకేసారి మారతాయి. మీకు గ్లోబల్ కాషే ఐటాచ్ లాంటిది నప్పుతుంది. లాన్ వైరుతో వస్తుంది, మూడు విడి అవుట్‌పుట్లు ఉంటాయి. ఒక్కో దాని నుంచి సన్నని వైరు, చివర మినప గింజంత ఎల్‌ఈడీ. దాన్ని బాక్స్ ముందు రిమోట్ కన్ను మీద అతికించాలి. నల్ల ప్లాస్టిక్ వెనక ఆ కన్ను ఎక్కడుందో కనపడదు, టార్చ్ వాలుగా కొడితే తెలుస్తుంది. అతికించాక పైన నల్ల ఇన్సులేషన్ టేపు వేయాలి, లేకపోతే వెలుతురు పక్క బాక్స్‌కు పాకుతుంది. పని చేస్తుందో లేదో చూడాలంటే టేపు వేయక ముందే ఫోన్ సెల్ఫీ కెమెరా పెట్టి చూడండి, బటన్ నొక్కినప్పుడు ఎల్‌ఈడీ ఊదా రంగులో మెరుస్తుంది.

దీంట్లో ఒక తిరకాసు ఉంది. రిమోట్ వెలుతురు ఒకవైపు దారి. బాక్స్ ఆన్‌లో ఉందా, ఏ ఛానల్లో ఉందా అన్నది యాప్‌కు తెలియదు. పైగా చాలా రిమోట్లలో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే బటన్. పొద్దున అన్నీ ఆన్ చేద్దామని నొక్కితే ఆన్‌లో ఉన్నవి ఆగిపోతాయి, ఆగి ఉన్నవి లేస్తాయి. కాజీపేటలో ఒక లాడ్జిలో దీని మీదే రోజూ పంచాయితీ. అందుకని నేను బాక్సులను ఎప్పుడూ ఆఫ్ చేయనివ్వను, టీవీలనే ఆపమంటాను. బాక్స్ మెనూలో దానంతటదే స్టాండ్‌బైకి పోయే సెట్టింగ్ ఉంటే తీసేయండి. ర్యాక్‌ను, రౌటర్‌ను ఒకే యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ ఎక్కే ఆ రెప్పపాటులో బాక్స్ రీస్టార్ట్ అయితే మళ్లీ స్టాండ్‌బైలో లేవొచ్చు.

మూడంకెల ఛానల్ నంబర్ పంపేటప్పుడు అంకెకూ అంకెకూ మధ్య కొంచెం గ్యాప్ ఇవ్వాలి. మరీ తొందరైతే ఒక అంకె మింగేస్తుంది, మరీ ఆలస్యమైతే రెండంకెలకే ఛానల్ మార్చేస్తుంది. మూడో వంతు సెకనుతో మొదలుపెట్టి మీ బాక్స్‌కు సరిపోయేలా సర్దుకోండి.

నెట్‌వర్క్ విషయానికొస్తే, ఐటాచ్‌కు, మ్యాట్రిక్స్‌కు రౌటర్లో ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయాలి, అంటే ఎప్పుడూ అదే అడ్రస్ వచ్చేలా పెట్టాలి. లేకపోతే రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు అడ్రస్ మారి, నిన్నటిదాకా పనిచేసిన బటన్ ఇవాళ పనిచేయదు. కస్టమర్ల వైఫై వేరు, ఈ పరికరాల వైఫై వేరు ఉండాలి. కౌంటర్ ట్యాబ్ కస్టమర్ల వైఫైలో ఉంటే పరికరాలు అసలు కనిపించవు, ఎందుకంటే గెస్ట్ వైఫైలో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా కట్ చేసి ఉంటారు. వేరు చేయకుండా అందరికీ ఒకే వైఫై ఇచ్చారా, ఫైనల్ మ్యాచ్ చివరి ఓవర్లో ఎవడో పోరడు ఛానల్ మార్చి నవ్వుకుంటాడు. ఐటాచ్ 4998 పోర్ట్ మీద ఆర్డర్ తీసుకుంటుంది, పాస్‌వర్డ్ అడగదు. డైరెక్‌టీవీ వాటిదీ అదే కథ. ఇంటి నుంచి మార్చుకుందామని రౌటర్లో ఆ పోర్ట్‌ను బయటికి తెరవకండి.

ట్యాబ్ మీద స్క్రీన్ కోసం రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ పెడితే చాలు, సాఫ్ట్‌వేర్ ఉచితం. బటన్లకు బాక్స్ 1, బాక్స్ 2 అని పేర్లు పెట్టకండి. ‘బార్ – మ్యాచ్’, ‘ఫ్యామిలీ – పాటలు’, ‘కౌంటర్ – న్యూస్’ అని తెలుగులో పెద్ద బటన్లు ఉంచండి. మొన్న చేరిన కుర్రాడు కూడా అడక్కుండా నొక్కగలగాలి. అసలు రిమోట్లను మాత్రం గల్లాలో దాచండి, పారేయకండి.

ఇంకోటి, అవి ఇంటి కనెక్షన్లేనా? హోటళ్లకు, బార్లకు కమర్షియల్ కనెక్షన్ వేరు, దాని రేటూ వేరు. డీలర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా మార్పించుకోండి. కాపీరైట్ చట్టం 1957లో 37వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకుని జనానికి ప్రసారం చూపించాలంటే బ్రాడ్‌కాస్టర్ లైసెన్స్ ఉండాలి. కాబట్టి మ్యాచ్ రోజు ఎంట్రీ ఫీజు పెడదామన్న ఆలోచన ఉంటే ముందు వాళ్లను అడగండి.

మీ బాక్సుల మోడల్ నంబర్లు, కౌంటర్ నుంచి అన్నిటికంటే దూరం టీవీకి ఎన్ని మీటర్లు ఉంటుందో ఇక్కడ రాయండి. స్ప్లిటర్‌తో సరిపోతుందా, మ్యాట్రిక్స్ దాకా పోవాలా చెప్తాను.