మా పక్క అడవిలో పందుల్ని వదలొచ్చా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ తురహళ్లి అడవి పక్కనే. ఆదివారాలు కొందరం వెళ్లి, అడవిని కమ్మేసే లాంటానా అనే పరాయి మొక్క పొదలు కొడుతుంటాం. కొట్టినచోటే మళ్లీ లేస్తోంది. ఇంగ్లండ్‌లో పందుల్ని వదిలి అడవి పెంచారట. మేమూ చందాలేసుకుని నాలుగు పందుల్ని వదలొచ్చా?
- పేరు వద్దన్న పాఠకురాలు, కనకపుర రోడ్డు, బెంగళూరు

జవాబు: వద్దమ్మా. ఆ చందాలతో గునపాలు కొనుక్కోండి.

మీరు విన్నది నిజమే. లండన్‌కి దక్షిణాన నెప్ అనే ఎస్టేట్ ఉంది. సాగు గిట్టక మానేసి, 2004లో టామ్‌వర్త్ పందుల్ని వదిలారు. అవి పెంపుడువే. అక్కడ అడవిపందిని ఉంచుకోవాలంటే 1976 నాటి చట్టం కింద లైసెన్సు కావాలి. పందులు గడ్డిని పెళ్లగించినచోట తడిమట్టి బయటపడి సాలో అనే చెట్లు మొలిచాయి. ఆ ఆకు మీద బతికే పర్పుల్ ఎంపరర్ సీతాకోకచిలుకలు వెతుక్కుంటూ వచ్చాయి.

కానీ అక్కడ అసలు అడవిపంది వందల ఏళ్ల కిందటే వేటకి అంతరించింది. ఖాళీ పోస్టులో టెంపరరీ మనిషిని వేసుకున్నట్టన్నమాట. మన దగ్గర ఆ ఉద్యోగి సెలవైనా పెట్టలేదు. మీకు దగ్గర్లోని బన్నేరుఘట్ట అడవి 1974లో నేషనల్ పార్కు అయింది. పందులు అంతకుముందూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి, చిరుతలకి ఆహారమూ అవుతున్నాయి.

నా ఫారెస్టు ఉద్యోగంలో చివరి ఆరేళ్లు ఆ అంచునే గడిచాయి. రాత్రి వాన పడితే తెల్లారి బాట పక్కన నాగలి పెట్టినట్టుండేది. జానెడు లోతున మట్టి తిరగబడి, ఎండుటాకులు లోపలికి, గడ్డల వేళ్లు బయటికి. గోరింకలు, జెముడుకాకులు అప్పటికే వానపాముల కోసం దిగేవి. అలాంటి ఓ గుంటలో నెల తర్వాత నేరేడు మొలకలు ఏడు లెక్కపెట్టాను. తిన్న గింజల్లో పెద్దవాటిని పంది నమిలేస్తుంది, చిన్నవి పేడలో బతికి బయటపడతాయి. సర్కారు తుమ్మ కూడా అలాగే పాకుతుంది, అదీ చెప్పాలి.

లాంటానా దగ్గర మాత్రం పంది మీకు సాయం రాదు. పగలు పడుకోవడానికి దానికి ఆ పొదే ఇల్లు. పైగా తవ్విన నేల, పైనుంచి ఎండ, లాంటానాకి కావలసినవి ఆ రెండే. పెంపుడు పందిని వదిలితే అడవిపందితో కలుస్తుంది, రోగమూ అంటిస్తుంది. 2020లో అస్సాంలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మందు లేదు, అది అడవివాటినీ చంపుతుంది. ఊళ్లవాళ్ల సంగతి సరేసరి. కుప్పం దగ్గర మా నాన్న అరెకరం వేరుశనగ ఒక్క రాత్రిలో పోయింది. నన్నూ ఆ పూట పందుల్ని మెచ్చుకోమంటే కుదిరేది కాదు.

మీరు కొమ్మలు కొడుతున్నట్టున్నారు, అందుకే లేస్తోంది. ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి. కాయ పండకముందే, నేలకి రెండు వేళ్ల లోతున తల్లివేరు తెగ్గొట్టి, పొదని తలకిందులుగా ఎండబెట్టండి. లాంటానా కాయలు తిన్న పిట్టలు వాలే చెట్ల కింద రెండేళ్లు పిలకలు పీకుతూ ఉండండి. మధ్యలో ఎక్కడైనా పంది తవ్విన గుంట కనిపిస్తే అలాగే వదిలేయండి. మీ గుంపులో ఎవరో ఒకరు పార తీసుకుని చదును చేయబోతారు, వాళ్లని ఆపండి.