ఇన్‌హెరిటెన్స్ రకాలన్నీ నోటికొచ్చు, ఇంటర్వ్యూలో మాత్రం తడబడ్డాను

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్‌లో ఉన్నవి దాని చైల్డ్ క్లాస్‌కి రావడం) రకాలన్నీ డెఫినిషన్లతో సహా చెప్పగలను. ఇంటర్వ్యూలో ‘పేరెంట్ క్లాస్‌లోని మెథడ్ ఇంకో మెథడ్‌ను పిలుస్తోంది, ఆ రెండోదాన్ని చైల్డ్ ఓవర్‌రైడ్ చేసింది, అంటే అదే పేరుతో తనకు తగ్గట్టు మళ్లీ రాసింది, ఇప్పుడు ఏది నడుస్తుంది?’ అని అడిగితే తెల్లమొహం వేశాను. జావాలో నేర్చుకున్నది పైథాన్‌లో ఒకలా, జావాస్క్రిప్ట్‌లో ఇంకోలా ఉంటోంది. ఒక్కోదానికీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా? ఇదంతా వదిలేసి, స్క్రిప్టింగ్‌తో సరిపోయే టెస్టింగ్ వైపు వెళ్లిపోనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు టెస్టింగ్ సంగతి. ఆ పని ఇష్టమైతే నిక్షేపంగా వెళ్లండి. ఇన్‌హెరిటెన్స్‌ను తప్పించుకోవడానికైతే మాత్రం అది దారి కాదు. పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ అనే టెస్టింగ్ లైబ్రరీలో మీరు రాసే ప్రతి టెస్ట్ క్లాసూ టెస్ట్‌కేస్ అనే క్లాస్‌కి చైల్డే. అందులో సెటప్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయడం మొదట్లోనే ఎదురయ్యే పని.

సింగిల్, మల్టీలెవెల్, హైరార్కికల్, మల్టిపుల్, హైబ్రిడ్... ఈ జాబితా పరీక్షలో మార్కులు తెస్తుంది. క్లాసుల బొమ్మ ఎలా ఉంటుందో చెబుతుంది తప్ప, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఏం జరుగుతుందో చెప్పదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది ఆ రెండోదాన్నే. ఒక ఆబ్జెక్ట్ మీద మెథడ్ పిలిస్తే దాని కోసం వెతుకులాట ఎక్కడ మొదలవుతుంది, ఏ వరుసలో సాగుతుంది, ఎక్కడ ఆగుతుంది? ఏ లాంగ్వేజ్ ముందు కూర్చున్నా ఇదే అడగండి.

మీకు వచ్చిన ప్రశ్ననే తీసుకుందాం. రిపోర్ట్ అనే క్లాస్‌లో టైటిల్, ప్రింట్ అని రెండు మెథడ్స్ ఉన్నాయనుకోండి. ప్రింట్ లోపల ‘సెల్ఫ్ డాట్ టైటిల్’ అని ఉంది. సెల్ఫ్ అంటే మెథడ్‌ను ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచామో ఆ ఆబ్జెక్ట్. సేల్స్‌రిపోర్ట్ దీనికి చైల్డ్, అందులో టైటిల్‌ను మాత్రమే మార్చి రాశారు. ఇప్పుడు సేల్స్‌రిపోర్ట్ ఆబ్జెక్ట్ మీద ప్రింట్ పిలిచారు. చైల్డ్‌లో ప్రింట్ లేదు, కాబట్టి పైకి వెళ్లింది, రిపోర్ట్‌లో దొరికింది. అది నడుస్తూ టైటిల్ పిలిచే లైన్‌కి వచ్చింది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘ఇప్పుడు పేరెంట్ కోడ్‌లో ఉన్నాం కదా, పేరెంట్ టైటిలే నడుస్తుంది’ అంటారు. కోడ్ ఎక్కడ రాసి ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సెల్ఫ్ మారలేదు, అది ఇప్పటికీ సేల్స్‌రిపోర్ట్ ఆబ్జెక్టే. వెతుకులాట మళ్లీ కింది నుంచి మొదలవుతుంది, చైల్డ్ టైటిలే దొరుకుతుంది. జావాలో, జావాస్క్రిప్ట్‌లో సెల్ఫ్ బదులు దిస్ ఉంటుంది, జవాబు అదే. సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం పేరెంట్‌లో ఆ మెథడ్‌కి వర్చువల్ అని పెట్టకపోతే పేరెంట్‌దే నడుస్తుంది.

జావాలో ఇంకో మెలిక ఉంది. ఈ వెతుకులాట మామూలు మెథడ్స్‌కే. పేరెంట్‌లో, చైల్డ్‌లో ఒకే పేరుతో ఫీల్డ్ (విలువను దాచుకునే వేరియబుల్) ఉంటే, వేరియబుల్‌ను ఏ టైప్‌గా డిక్లేర్ చేశారో ఆ క్లాస్ ఫీల్డే వస్తుంది. ప్రైవేట్, స్టాటిక్ మెథడ్స్‌కి కూడా ఓవర్‌రైడింగ్ వర్తించదు.

పైథాన్‌లో కొత్తవాళ్లను ఏడిపించే ఎర్రర్ కూడా ఈ లెక్కతోనే విడిపోతుంది. చైల్డ్‌లో ఇనిట్ (ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే మెథడ్) రాశారు, సూపర్‌తో, అంటే వరుసలో తర్వాతి క్లాస్‌ను అందుకునే కాల్‌తో, పేరెంట్ ఇనిట్‌ను పిలవడం మరిచారు. వెతుకులాట చైల్డ్ ఇనిట్ దగ్గరే ఆగిపోయింది, పేరెంట్‌ది నడవనే లేదు. అది పెట్టాల్సిన అట్రిబ్యూట్లు పుట్టలేదు. ఎర్రర్ మాత్రం అక్కడ రాదు, ఎప్పుడో వేరే మెథడ్‌లో అట్రిబ్యూట్‌ఎర్రర్‌గా బయటపడుతుంది. జావాలో ఇనిట్ లాంటి పని చేసేది కన్‌స్ట్రక్టర్. ఆర్గ్యుమెంట్లు లేని పేరెంట్ కన్‌స్ట్రక్టర్ ఉంటే ఆ కాల్‌ను కంపైలరే చేరుస్తుంది. జావాస్క్రిప్ట్ చైల్డ్ క్లాస్‌లో అయితే సూపర్ పిలవకముందు దిస్‌ను ముట్టుకుంటే రిఫరెన్స్‌ఎర్రర్ వచ్చేస్తుంది.

ఇద్దరు పేరెంట్లు ఉన్నప్పుడే వరుస అసలు ముఖ్యమవుతుంది. పైథాన్‌లో బి, సి రెండూ ఎకి చైల్డ్ క్లాసులు, డికి బి, సి పేరెంట్లు అనుకోండి. వెతికే వరుస డి, బి, సి, ఎ. ఆబ్జెక్ట్ డిది అయినప్పుడు బి లోపల సూపర్ పిలిస్తే అది ఎకి వెళ్లదు, సికి వెళ్తుంది. బి రాసినవాళ్లకు సి అనే క్లాస్ ఉందనే తెలియకపోవచ్చు! ఈ వరుసను సి3 అనే పద్ధతిలో కడతారు, 2003లో వచ్చిన పైథాన్ 2.3 నుంచి ఉంది. క్లాస్‌కి ‘ఎంఆర్ఓ’ (మెథడ్ రిజల్యూషన్ ఆర్డర్, అంటే ఈ వెతికే వరుసే) మెథడ్ పిలిస్తే వరుసంతా కళ్లముందుంటుంది. జావా ఈ గొడవే వద్దని క్లాస్‌కి ఒకే పేరెంట్ క్లాస్‌ను ఒప్పుకుంటుంది.

జావాస్క్రిప్ట్ కొత్తగా అనిపించడానికి కారణం, 1995లో అది వచ్చినప్పుడు క్లాస్ అనేదే లేదు. అక్కడ ఒక ఆబ్జెక్ట్ నేరుగా ఇంకో ఆబ్జెక్ట్‌కి, అంటే దాని ప్రోటోటైప్‌కి, లింక్ అయి ఉంటుంది. తనలో లేనిది అక్కడ వెతుకుతుంది, అక్కడా లేకపోతే ఇంకా పైకి. 2015లో చేర్చిన క్లాస్ కీవర్డ్ కింద పనిచేసేది ఇప్పటికీ ఈ గొలుసే. అందుకే ప్రోటోటైప్‌కి ఈ క్షణం ఒక మెథడ్ చేరిస్తే, అంతకుముందే తయారైన ఆబ్జెక్టులకూ అది దొరుకుతుంది. కాబట్టి మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు, వరుస ఎలా కడుతున్నారో చూసుకుంటే చాలు.

చేయాల్సిన సాధన కూడా ఇదే. మూడు నాలుగు క్లాసుల చిన్న ప్రోగ్రామ్ రాసి, రన్ చేయకముందే ఏ లైన్‌లో ఏ మెథడ్ దొరుకుతుందో కాగితం మీద రాయండి. తర్వాత ప్రోగ్రామ్‌ను లైన్ తర్వాత లైన్‌గా నడిపి చూపే డీబగ్గర్‌లో స్టెప్ ఇన్‌టు నొక్కుతూ సరిచూసుకోండి. పొరపడిన చోట వీడియోలు వెతక్కండి, అదే ప్రోగ్రామ్‌ను కొంచెం మార్చి మళ్లీ ఊహించండి.

ఇక ‘ఇన్‌హెరిటెన్స్ ఎందుకు?’ అని అడిగితే ‘కోడ్ మళ్లీ రాయక్కర్లేదు’ అని ఆపేయకండి. పేరెంట్ పనికొచ్చే ప్రతి చోటా చైల్డ్‌ను పెట్టినా ప్రోగ్రామ్ చెడకూడదన్నది దానికి షరతు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఈ మాట తెచ్చారు కాబట్టి ఆమె పేరుతోనే పిలుస్తారు. ‘ఎప్పుడు వాడకూడదు?’ అని కూడా అడుగుతారు. అప్పుడు జావా లైబ్రరీలోని స్టాక్ క్లాస్‌ను చూపించండి. స్టాక్‌లో పైనే పెట్టాలి, పైనుంచే తీయాలి. కానీ దాన్ని వెక్టర్‌కి, అంటే ఎక్కడైనా చేర్చి తీయగల జాబితా క్లాస్‌కి, చైల్డ్‌గా రాశారు. వెతుకులాట వెక్టర్ దాకా వెళ్తుంది కదా, మధ్యలో దూర్చే మెథడ్ కూడా దొరికిపోతుంది. ఇది నాకు కావాలి, అది వద్దు అని ఏరుకునే వీలు లేదు. వెక్టర్‌ను పేరెంట్‌గా కాకుండా లోపల ఒక ఫీల్డ్‌గా పెట్టుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. స్టాక్ కన్నా డెక్ (రెండు కొసల నుంచీ పెట్టి తీయగలిగేది) వాడమని జావా డాక్యుమెంటేషనే చెబుతోంది, కాబట్టి ఈ ఉదాహరణ మీద మీతో వాదనకు దిగేవాళ్లు తక్కువ.